కొరికి వెళ్లిన రొట్టె

రిష్తాన్,
12 ఫిబ్రవరి 2001

అక్కా, సలాం. ముందు కూర్చో, తర్వాత చదువు.

ఈ ఉత్తరం హమ్రో రొట్టెల గంపలో అడుగున వస్తోంది. నూనె మరకలు పడితే నన్ను తిట్టకు, ఆమెను తిట్టు. హమ్రో ఇల్లు సరిగ్గా సరిహద్దు ఊళ్లో ఉండబట్టి ఆమెకు అటూ ఇటూ తిరిగే చీటీ ఇచ్చారు. మనకేమో వీసా కావాలట! నీ ఇంటికీ నా ఇంటికీ మధ్య బస్సు ప్రయాణం ఎంతని? పొద్దున్న నీ దగ్గర టీ తాగి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ఆలస్యమైనందుకు మా ఆయన చేత చీవాట్లు తినేదాన్ని. ఇప్పుడు నీ మొహం చూసి రెండేళ్లయింది. టెలిఫోను తీగ కూడా కోసేశారు. ఎవరి మీద కోపమో, ఎవరికి శిక్షో నాకైతే అర్థం కాదు.

సరే, తీపి కబురు. మీ సుహ్రోబ్‌కి పెళ్లి కుదిరింది. ఖుబానీ కోతలు అయ్యాక, శరత్కాలంలో. పిల్ల మా వీధి కుమ్మరుల పిల్లే. నెమ్మదస్తురాలు, నాలా కాదులే. కొత్త జంట ముందు అద్దం పట్టాల్సింది పెద్దమ్మే. అంటే నువ్వే. రావాలి. ఎలా వస్తావో నాకు తెలీదు. రెక్కలు కట్టుకుని వస్తావో, ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితం తెచ్చుకుంటావో, నువ్వూ బావా కలిసి రావాలి. ఇంట్లో ఇదొక్కటే పెళ్లి, ఇంకో కొడుకు లేడు నాకు.

బావ దగ్గుతో ఖుజంద్ ఆసుపత్రికి వెళ్లాడని హమ్రో చెప్పింది. అక్కడి నర్సులకు తన సైన్యం కథలు చెప్పి విసిగించొద్దని చెప్పు. దానికి వాళ్ల దగ్గర మందు లేదు. ఇంకో మాట. నాకు తెల్ల ఖుబానీ అంటు కొమ్మలు ఇస్తానని మూడేళ్లుగా నోరూరిస్తున్నాడు. ఈ నవ్రూజ్ పండగనాడు కాలువకి మీ వైపు గట్టుకు రండి, మా వైపు నేనుంటాను. అందరూ అలాగే చూసుకుంటున్నారుగా, నీళ్లకు అటొకరు ఇటొకరు నిలబడి అరుచుకుంటూ. బావ ఆ కొమ్మలు విసిరితే పట్టుకుంటాను. పట్టుకోలేక కాలువలో పడితే ఆయన్నే దూకమంటాను.

నీ చెల్లెలు, నోరు అదుపులో లేనిది,
గుల్‌చెహ్రా


చోర్కుహ్,
3 మార్చి 2001

చెల్లీ గుల్‌చెహ్రా, నీ పొయ్యి ఆరకుండా, నీ గడప ఖాళీ కాకుండా అల్లా చూడుగాక.

ఉత్తరం అందింది, నూనె మరకతో సహా. సుహ్రోబ్ పెళ్లి మాట రెండుసార్లు చదివాను. వాణ్ని ఊయలలో కట్టిపడుకోబెట్టింది నేనే. వాడి ఏడుపు ఇంకా చెవిలో ఉంది. అల్లాకు షుక్ర్.

ఇక్కడి సంగతులు. మంచు బరువుకి వంటింటి వాసం విరిగింది. పడుకునే గది మీది వాసం కాదు, షుక్ర్. మేక ఈనింది, రెండు పిల్లల్లో ఒకటి బతికింది, షుక్ర్. నా మోకాళ్లు నమాజులో వంగనంటున్నాయి, కుర్చీ మీద కూర్చుని చదువుకుంటున్నాను, దానికీ షుక్ర్. మంగళవారం ఆడవాళ్లు ఖురాన్ చదివించుకోవడానికి వస్తూనే ఉన్నారు. ఇదివరకు నేనే వాళ్ల ఇళ్లకు వెళ్లి చదివేదాన్ని. ఇప్పుడు వాళ్లే వస్తున్నారు. ఊరికి ఓతిన్‌ని కదా, వాళ్ల కష్టాలన్నీ నా ముందు గుమ్మరించి వెళ్తారు. ఓర్పు పట్టండమ్మా అని చెప్పి పంపుతాను.

మీ బావ దగ్గు ఆగింది. ఆసుపత్రికి వెళ్లేరోజు ఆయన కొరికిన రొట్టె ఇంకా మేకుకే వేలాడుతోంది. ఎండిపోయి చెక్కలా అయింది. ఎలుక కూడా ముట్టలేదు. వెళ్లినవాడు వచ్చి తినేదాకా దాన్ని దించకూడదు కదా, ఉండనీ అని వదిలేశాను.

అంటు కొమ్మలు నేనే కోసి తడిగుడ్డలో చుట్టి హమ్రోకి ఇస్తాను. నవ్రూజ్‌కి కాలువ దగ్గరికి మేం రాలేం. కారణం అడక్కు. నువ్వు కూడా చలిలో నిలబడకు.

అల్లా మీద నమ్మకముంచు,
అక్క ఓయ్‌నిసా


రిష్తాన్,
24 మార్చి 2001

అక్కా,

నువ్వు వద్దన్నా వెళ్లాను. నా మాట నేనే వినను, నీ మాట వింటానా? మా అక్క అలాగే రాస్తుంది, పొద్దెక్కేసరికి బావ టోపీ కనబడుతుంది అనుకున్నాను. పండక్కి వండిన గోధుమ మొలకల సుమలక్ ఒక సీసాలో పోసి మూత బిగించి పట్టుకెళ్లాను. విసిరినా పగలకుండా మా ఆయన పాత దుప్పటి ముక్క చుట్టి ఇచ్చాడు.

గట్టు మీద జాతర అనుకో. అటు వందమంది, ఇటు వందమంది. ఒకావిడ మనవణ్ని రెండు చేతుల్తో పైకెత్తి చూపిస్తోంది, అవతల ముసలాయన టోపీ ఊపుతున్నాడు. "ఎవరి పోలికరా?" అని ఆయన అరుస్తుంటే, "నీ ముక్కే, ఇంకేం పోలిక!" అని ఈవిడ. అందరూ నవ్వారు. సైనికులు కూడా నవ్వారు. నేను ఒక్కదాన్నే నోరు మూసుకుని నిలబడ్డాను. నేను! నోరు మూసుకుని! పొద్దు వాలేదాకా నిలబడ్డాను అక్కా. చివరికి సుమలక్ సీసా పక్కనున్న ఆవిడ వాళ్ల అన్నకి విసిరాను. ఆయనెవరో నాకు తెలీదు. పట్టుకుని దువా చేశాడు.

కొమ్మలు అందాయి. బాగానే ఉన్నాయి. కానీ కోసింది బావ కాదు, నాకు తెలుసు. ఆయన వాలుగా కోస్తాడు, ఇవి కత్తెరతో అడ్డంగా తెగ్గోసినవి. అంటే మరదలికి నాలుగు కొమ్మలు కోసిచ్చే ఓపిక కూడా లేకపోయిందన్నమాట. నేనేం చేశాను? పోయినసారి వచ్చినప్పుడు ఆయన పాడిన పాటకి మేక పారిపోయిందన్నందుకా? ఆ మాట అందరి ముందూ అన్నాననా? మరదలు అనకపోతే ఇంకెవరు అంటారు?

నువ్వొకదానివి! ఉత్తరం నిండా షుక్ర్, షుక్ర్. చదివితే మసీదు గోడ మీద రాసినట్టు ఉంటుంది, మా అక్క రాసినట్టు ఉండదు. నా సంగతి విను. గిన్నెలు కాల్చే బట్టీ గోడ పగిలింది, నెల రోజుల సరుకు పెంకులయింది. మా ఆయన చేతులు వణుకుతున్నాయి, గిన్నె అంచు మీద గీత వంకర పోతోంది, వంకర పోయిందని ఎవరైనా అంటే మూడురోజులు మాట్లాడడు. రాత్రుళ్లు ఏడుస్తాను. చూశావా, చెప్పాను. చెప్పినందుకు ప్రాణం పోలేదు.

అయినా బావకి కోపం పోవాలని మా ఆయన చేత ఒక టీ గిన్నె చేయించాను. ఆ వణికే చేతుల్తోనే చేశాడు. లోపల అడుగున నూర్మత్ అని పేరు రాశాడు. టీ తాగడం అయిపోతేనే పేరు కనబడుతుంది. ఆయన తాగి, అడుగు చూసి, ఏమన్నాడో రాయి.

గుల్‌చెహ్రా
(చలికి జలుబు చేసింది. నువ్వన్నదే నిజమైంది. సంతోషమా?)


చోర్కుహ్,
18 ఏప్రిల్ 2001

చెల్లీ, నీ బట్టీ మళ్లీ రాజుకోవాలని ప్రతి నమాజులోనూ అడుగుతున్నాను.

గిన్నె చేరింది, చెక్కు కూడా చెదరలేదు. మీ ఆయన హోలిక్ చేతులు వణికాయంటే నేను నమ్మను. ఆ నీలం రంగు మరెవ్వరికీ రాదు. అరమీద పెట్టాను. ఇంకా ఎవరూ అందులో తాగలేదు.

ఖుబానీ చెట్లన్నీ పూసి పూసి, మొన్న పడిన మంచుకి ఒక్క పొద్దులో నల్లబడ్డాయి. ఈ ఏడు కాయ ఉండదు. కొమ్మలు నిలబడ్డాయి, షుక్ర్. ఇచ్చేవాడూ ఆయనే, తీసుకునేవాడూ ఆయనే. మన చేతిలో ఉన్నది ఓర్పు ఒక్కటే గుల్‌చెహ్రా. దాన్ని కూడా ఏడ్చి పారేసుకుంటే ఇంకేం మిగులుతుంది? రాత్రుళ్లు లేచి ఏడ్చే బదులు ఆ లేచినదానివి రెండు రకాతుల నమాజు చదువు.

మొన్న మంగళవారం మర్హబో వచ్చింది, ఇరవై మూడేళ్ల పిల్ల, మొగుడు రష్యాలో కడుతున్న మేడ మీది నుంచి పడి చనిపోయాడు. జుట్టు పీక్కుని ఏడుస్తుంటే అందరూ నా వైపు చూశారు. గట్టిగా పట్టుకుని, ఏడవకు తల్లీ, సహించేవాళ్ల పక్కనే అల్లా ఉంటాడు అన్నాను. ఆపేసింది. ఆపేసి గోడవైపు చూస్తూ కూర్చుంది. వెళ్లేటప్పుడు నా చేయి ముద్దుపెట్టుకుంది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు, ఎందుకో తెలీదు.

పెళ్లికి రావడం గురించి ఇప్పుడే ఏమీ అనకు. అద్దం పట్టడానికి మీ ఆడపడుచు ఉంది కదా.

దువాలతో,
అక్క


రిష్తాన్,
15 మే 2001

ఓయ్‌నిసా అక్కకు,

మా ఆడపడుచు ఉంది. ఆ మాట గుర్తుచేసినందుకు మేలు. అద్దం ఆమే పడుతుంది. నువ్వు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, బావ మంచం దిగక్కర్లేదు. రెండు రకాతులు చదువుకోమన్నావు. చదివాను. చదువుతూ ఏడ్చాను. అది తప్పో ఒప్పో నీకే తెలియాలి, ఓతిన్‌వి నువ్వు.

మా పక్కింటి మలోహత్ వాళ్ల పిన్ని మీ వైపు చనిపోయింది. ముద్ర వేసిన టెలిగ్రాం వస్తే మూడురోజులకు దారి వదిలారు. వెళ్లి పిన్నిని సాగనంపి, తల్లిని కౌగిలించుకుని, తల్లి ఒళ్లో పడుకుని వచ్చింది. చావుకైతే తలుపు తీస్తారట. ఆమె చెబుతుంటే, అల్లా నన్ను క్షమించాలి, నాకు ఈర్ష్య పుట్టింది. చావింటి మనిషిని చూసి ఈర్ష్యపడ్డాను. నన్ను అంతదాకా తెచ్చింది నువ్వే.

ఆ గిన్నె హమ్రోకి ఇచ్చి పంపించెయ్. తాగనివాళ్లకెందుకు?

గుల్‌చెహ్రా


రిష్తాన్,
29 మే 2001

అక్కా,

గిన్నె తెచ్చావా అని హమ్రోని గుమ్మంలోనే నిలదీశాను. "లేదమ్మా, ఓతిన్ ఇవ్వనంది" అంది. "ఎందుకివ్వదు? మా బావ తాగడం లేదుగా!" అన్నాను. హమ్రో గంప దించి మెట్టు మీద కూలబడింది. "ఎలా తాగుతాడే పిచ్చిదానా, మట్టిలో ఉన్న మనిషి" అంది. నాకు చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నావట. ఆమె ఒట్టు తప్పింది. ఆమెను ఏమీ అనకు. అంటే నాతో తెగతెంపులే.

ఫిబ్రవరిలో పోయాడట. నేను నర్సుల గురించి వేళాకోళమాడిన ఉత్తరం రాసేసరికే పోయాడట! నవ్రూజ్ రోజు పొద్దు వాలేదాకా నేనెవరి టోపీ కోసం చూశానక్కా? చనిపోయిన మనిషికి అలకలు రాశాను, చనిపోయిన మనిషికి గిన్నె చేయించాను. మా ఆయన వినగానే చక్రం ఆపి బయటికి వెళ్లిపోయాడు, చీకటి పడ్డాక వచ్చాడు.

నేనొకటే అడుగుతాను. చావుకైతే తలుపు తీస్తారు. ఒక్క టెలిగ్రాం కొట్టి ఉంటే నేను వచ్చేదాన్ని. ఖుజంద్ నుంచి శవం వచ్చిన రాత్రి నీ పక్కన పడుకునేదాన్ని. భర్త పోయినవాళ్లు కట్టే నీలం బట్టలు నీకు నా చేత్తో తొడిగేదాన్ని. మన ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క తలుపు, దాన్ని నువ్వే మూసేశావు. దానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నావు.

యాకూబ్ ప్రవక్త కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్నాడని నా చిన్నప్పుడు చెప్పింది ఎవరు? నువ్వు కాదూ! అంత ఏడ్చినా ఆయన ఓర్పుని అల్లా తప్పుపట్టలేదని కూడా నువ్వే చెప్పావు. అదంతా ఊరివాళ్లకేనా?

తిట్టాలని కూర్చున్నాను. తిట్లు రావడం లేదు. నువ్వు ఎలా ఉన్నావు? షుక్ర్ అని రాశావంటే చింపేస్తాను. ఎలా ఉన్నావో రాయి.

గుల్


చోర్కుహ్,
8 జూన్ 2001

గుల్,

ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. నాలుగు కాగితాలు పాడయ్యాయి, నాలుగింటి మొదట్లోనూ ఆ మాటే వచ్చింది.

బాగా లేను.

ఇదిగో, రాశాను. ఇప్పుడు వరసగా చెబుతాను. రోడ్డు నిండా మంచు. శవాన్ని లారీలో తెచ్చారు. ఊరంతా వచ్చింది. నేను ఏడవలేదు. ఏడ్వనిచ్చేవాళ్లేరీ? గుమ్మంలో ఆడవాళ్లంతా నా మొహం కేసే చూస్తున్నారు, ఇన్నాళ్లు మాకు చెప్పినదాన్ని ఈవిడ ఎలా చేసి చూపిస్తుందా అని. చేసి చూపించాను. ఓతిన్ ఎంత గట్టి మనిషి అనుకుంటూ వెళ్లారు. వాళ్లు వెళ్లాక రొట్టెలు పెట్టిన పళ్లేలన్నీ ఒక్కదాన్నే కడిగాను.

టెలిగ్రాం సంగతి. మొదటిరోజు దారి మూసుకుపోయింది. దారి తెరిచాక పంపుదామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది, పెళ్లి కబురుతో. చెబితే ఏడాది దాకా పెళ్లి ఆపేస్తారు. పిల్లవాడి ముచ్చట నా నల్ల కబురుతో ఎందుకు పాడవ్వాలి అనుకున్నాను. అందరికీ చెప్పుకోవడానికి అదే బాగుంటుంది. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. కానీ అసలు కారణం అది కాదే గుల్. ఆ ఉత్తరంలో నువ్వు ఆయన్ని కాలువలో దూకమన్నావు. చదువుతూ పకపకా నవ్వాను. నవ్వి, తల తిప్పి ఆయనకి చెప్పబోయాను. లేడు. అప్పుడు అర్థమైంది, ఊరు మొత్తానికి ఆయన పోయాడు, ఒక్క నీ దగ్గర పోలేదు. రిష్తాన్‌లో ఇంకా ఉన్నాడు. నువ్వు తిడుతుంటే ఉన్నాడు, అలుగుతుంటే ఉన్నాడు, గిన్నె చేయిస్తుంటే ఉన్నాడు. నీకు చెబితే అక్కడ కూడా పోతాడు. అందుకని చెప్పలేదు. నేను నిన్ను కాపాడలేదు, ఆయన్ని దాచుకున్నాను.

కొమ్మలు కోసింది నేనే. నువ్వు కనిపెట్టేస్తావని తెలిసీ, ఆయన కత్తి ముట్టుకోబుద్ధి కాక కత్తెరతో కోశాను. నవ్రూజ్‌కి రాకపోవడం మొండితనం కాదు. భర్త పోయినదానికి గడువు తీరేదాకా గడప దాటకూడదు కదా. నువ్వు గట్టు మీద నిలబడిన రోజంతా నేను ఈ కిటికీ దగ్గర నిలబడ్డాను, ఏ దిక్కున కాలువ ఉందో ఆ దిక్కుకి తిరిగి.

ఇల్లు ఎంత చప్పుడు లేకుండా ఉందో నీకు తెలీదు. ఆయన దగ్గుతో వేగలేక అల్లా, ఈ దగ్గు ఆగేలా చెయ్యి అని దువా చేసేదాన్ని. ఆగింది. ఇప్పుడు రాత్రి మేకపిల్లను తెచ్చి వంటింట్లో కట్టేసుకుంటున్నాను, ఏదో ఒకటి ఊపిరి తీస్తుండాలని. మాటకు మాట చెప్పేవాళ్లు లేరు. మంగళవారం వచ్చేవాళ్లు నా దగ్గర తీసుకుపోవడానికి వస్తారు. పెట్టి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు.

మర్హబోకి ఏడవకు అన్నాను చూడు, అది ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. ప్రవక్త తన పసికొడుకు పోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నారు. కళ్లు చెమరుస్తాయి, గుండె బరువెక్కుతుంది అన్నారు. ఈ మాట నాకు నోటికి వచ్చు. ఆ పిల్లకు ఎందుకు చెప్పలేదు? చెబితే నాకు ముందు ఏడుపు వచ్చేస్తుందని భయం. నా భయాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టాను.

రొట్టె ఇంకా మేకుకే ఉంది. వచ్చి తింటాడని కొరికించి పంపుతాం. రానివాడి రొట్టెని ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. పారెయ్యకూడదు, ఒక్కదాన్నే తినలేను. నా గడువు మరో వారంలో తీరుతుంది. అద్దం పట్టమని మాత్రం అడక్కు, భర్త లేనిదాన్ని.

కానీ కాలువ దగ్గరికి వస్తాను. నువ్వు వస్తావా? రమ్మని అడగడం నాకు అలవాటు లేదు. అడుగుతున్నాను. రా.

ఓయ్‌నిసా


రిష్తాన్,
14 జూన్ 2001

అక్కా, శుక్రవారం, ఇరవై రెండున, జుమ్మా నమాజు అయ్యాక. బావ రొట్టె తీసుకురా.


చోర్కుహ్,
24 జూన్ 2001

గుల్, గొంతు బాగుందా? నాది పోయింది. రెండురోజులుగా ఇక్కడివాళ్లతో సైగలతో మాట్లాడుతున్నాను.

నీకు ఇటువైపు సంగతి తెలీదు కాబట్టి రాస్తున్నాను. బస్సులో ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. తీరా చూస్తే మర్హబో వచ్చి పక్కన కూర్చుంది. ఆమె వెనక మంగళవారం ఆడవాళ్లు ఇంకో నలుగురు. మా ఓతిన్ మొదటిసారి గడప దాటుతుంటే ఒంటరిగా పంపుతామా అన్నారు. నాకు లోపల గుబులే. వీళ్ల ముందు ఎలా మాట్లాడను? దారంతా చక్కటి మాటలు పేర్చుకున్నాను, నీకు ధైర్యం చెప్పేవి.

గట్టెక్కగానే నువ్వు కనబడ్డావు. ఎంత చిక్కిపోయావే! తలకి ఆ పసుపు రుమాలు, నేను కొన్నదే. నువ్వు ఏదో అరుస్తున్నావు. నీళ్ల హోరు, జనం గోల మధ్య ఒక్క ముక్క వినబడలేదు. నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, బాగా లేనే, నాకు బాగా లేదే గుల్, అని అరిచాను. రెండు గట్లూ సద్దుమణిగాయి. సైనికుడు కూడా తిరిగి చూశాడు. ఊరి ఓతిన్ నడిగట్టున నిలబడి గొంతు చించుకుని ఏడుస్తోంది. ఇంక ఆపడం నా వల్ల కాలేదు.

అవతల నుంచి నువ్వేమన్నావో నాకు చక్కగా వినబడింది. రెండు చేతులూ ఆకాశానికెత్తి, "షుక్ర్! అల్లాకు షుక్ర్! మా అక్క నోరు తెరిచింది!" అన్నావు. పక్కవాళ్లు నీకు మతి పోయిందనుకుని ఉంటారు. నా జన్మలో ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. ఆ రోజు నీ నోట్లోంచి విన్నాకే దాని బరువు తెలిసింది. నిజం దాచడానికి కాదే ఆ మాట ఉన్నది. చెప్పుకోవడానికి మనిషి మిగిలి ఉన్నందుకు.

మర్హబో నా భుజం మీద తల పెట్టింది. ఏడువు తల్లీ అన్నాను. ఇద్దరం ఏడ్చాం. తక్కిన నలుగురు కూడా మొదలుపెట్టారు. ఎవరి కోసమో వాళ్లకే తెలియాలి.

నా విసురు బాగానే వచ్చింది కదా, ఈ మోకాళ్లతో? రొట్టె సగం విరిచి రుమాలులో ముడేసి విసిరాను. బావ పళ్లు పడిన సగం నీకే పంపాను. నువ్వు తడుపుకోకుండానే కొరుకుతున్నావు, నీ దవడలు గట్టివే మొదటినుంచీ. నా సగం కాలువ నీళ్లలో ముంచి తిన్నాను. ఎండిపోయినా ఉప్పు పోలేదు.

అద్దం నువ్వే పట్టాలి, పెళ్లికూతుర్ని ఈ గట్టుకే తీసుకొస్తాను, అక్కడ నిలబడి పట్టు అని అరిచావు. మీ ఆడపడుచు ఏమంటుందో చూసుకో. ఏడాది ఆగాలా వద్దా అన్నది కూడా మీరే తేల్చుకోండి. బావ అయితే ఆగొద్దనేవాడు. ఆ సంగతి నీకూ తెలుసు.

మేకు ఖాళీగా ఉంది. గోడ మీద గుండ్రటి మరక మిగిలింది, సున్నం వెయ్యబుద్ధి కాలేదు. ఇంట్లో ఇంకా చప్పుడు లేదు. నాకు ఇంకా బాగా లేదు. నిన్నటికంటే కాస్త నయం.

ఈ పొద్దున్న నీ గిన్నెలో టీ పోసుకున్నాను. మెల్లగా తాగాను. అడుక్కి వచ్చేసరికి నూర్మత్ కనబడ్డాడు. ఏమన్నాడో రాయమన్నావు కదా. ఏమీ అనలేదు. నేనే ఆయనతో చాలాసేపు మాట్లాడాను.

నీ అక్క,
ఓయ్‌నిసా